అడవి మాంసం డచ్ ఓవెన్‌లో ఎలా వండాలి: ముక్క మెత్తబడే దాకా

“దుప్పి జబ్బ రెండు గంటలు ఉడికించాం. ముక్క ఇంకా సాగుతోంది. ఎక్కువ ఉడికి బిరుసెక్కిందా?” అడవి మాంసం వండేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. ఒకరిది దుప్పి అయితే ఇంకొకరిది అడవి పంది, అంతే తేడా. జవాబు కూడా ఒకటే: అది ఎక్కువ ఉడకలేదు, ఇంకా ఉడకాల్సి ఉంది. సరిగ్గా దించకూడని సమయంలో దించేశారు.

కారణం క్లుప్తంగా చెప్తాను. అడవి జంతువు బతికినన్నాళ్లూ నడుస్తుంది, పరిగెడుతుంది. అందుకే దాని కండలో కొవ్వు బాగా తక్కువ, కండల్ని కట్టి ఉంచే తెల్లటి పీచు ఎక్కువ. ఆ పీచు కరిగి జిగురుగా మారాలంటే కండ లోపలి వేడి 70 డిగ్రీలు దాటి గంటల తరబడి నిలవాలి (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే). మంట పెంచి తొందరపెడితే పీచు కరగకముందే కండలోని నీరంతా పిండుకుపోతుంది, ఆ లోటు పూడ్చడానికి లోపల కొవ్వు లేదు. మందపాటి పోత ఇనుప కుండ, బరువైన మూత (డచ్ ఓవెన్ అంటే ఇదే), సన్నటి సెగ ఉంటే ఈ చిక్కు తీరుతుంది.

ముందు మాంసం సంగతి

వంట మొదలుపెట్టే ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిలో ఏదీ తర్వాత కుండలో సరిచేయగలిగేది కాదు.

చట్టం ఒప్పుకున్న చోట, ఒప్పుకున్న కాలంలో, అనుమతితో వేటాడిన జంతువు మాంసమేనా అన్నది మొదటి ప్రశ్న. ఎవరో ఇచ్చారు, ఎక్కడిదో తెలియదు అంటే వండకండి. రోడ్డు పక్కన చచ్చి పడి ఉన్నదీ, జబ్బు చేసినట్టు కనిపించినదీ అసలే వద్దు.

దుప్పి, ఎల్క్ లాంటి జింక జాతి జంతువులకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు వస్తుంది. 1967లో అమెరికాలోని కొలరాడోలో దీన్ని మొదట గమనించారు. దీనికి కారణమైన ప్రయాన్లు (రూపు చెడిన ఒక రకం ప్రొటీన్లు) వంట వేడికి నాశనం కావు, ఎంతసేపు ఉడికించినా లాభం లేదు. జబ్బు ఉన్న ప్రాంతంలో వేటాడిన జంతువైతే పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా మాంసాన్ని విడిగా ఫ్రీజర్‌లో ఉంచండి. జబ్బు ఉందని తేలితే పారేయడమే.

అడవి పంది, ఎలుగుబంటి మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండొచ్చు. “నెల రోజులు ఫ్రీజర్‌లో పెట్టాం కదా” అన్న ధీమా పనికిరాదు. అడవి జంతువుల్లో ఉండే కొన్ని రకాల ట్రైకినెల్లా గడ్డకట్టించినా చావదు. లోపలి దాకా 71 డిగ్రీలు తాకాల్సిందే.

అడవి కుందేలును చేతొడుగులు లేకుండా కోయకండి. తులరేమియా అనే జ్వరం పచ్చి మాంసం తాకినప్పుడు చేతి మీది చిన్న గాయం గుండా కూడా అంటుకుంటుంది.

సీసపు గుండుతో కొట్టిన జంతువైతే గాయం చుట్టూ నలిగి నల్లబడిన కండను ధారాళంగా కోసి పారేయండి. సీసం తునకలు కంటికి కనిపించనంత చిన్నవిగా చాలా దూరం చెదురుతాయి. వెనిగర్, వైన్ లాంటి పులుపులో ఊరబెడితే ఆ సీసం ఇంకా కరిగి మాంసంలోకి దిగుతుంది. పిల్లలకూ గర్భిణులకూ ఇలాంటి మాంసం పెట్టకపోవడమే మేలు.

ఏ కుండ?

డచ్ ఓవెన్లు రెండు రకాలు. మూడు కాళ్లతో, అంచు లేచిన చదునైన మూతతో ఉండేది బయట నిప్పుల మీద వండటానికి. మూత మీద నిప్పులు నిలవడానికే ఆ అంచు. అడుగు చదునుగా, లోపల ఎనామిల్ పూతతో ఉండేది ఇంట్లో స్టవ్ మీదికీ ఓవెన్‌లోకీ. కొలతలు చెప్పుకుంటే, నలుగురైదుగురికి 5 నుంచి 6 లీటర్ల కుండ సరిపోతుంది. నిప్పుల మీది రకంలో అది 12 అంగుళాల కుండ.

పూత లేని పోత ఇనుములో టమాటా, వైన్, వెనిగర్ గంటల తరబడి ఉడికిస్తే నూనె పట్టించిన పొర లేచిపోతుంది, కూరకు ఇనుప రుచి వస్తుంది. అలాంటి కుండలో పులుపు చివరి పావుగంటలోనే. ఎనామిల్ కుండకు ఈ బెడద లేదు. దాన్ని మాత్రం ఖాళీగా పెద్ద మంట మీద పెట్టకండి, పూత పగులుతుంది.

కావలసినవి

- జబ్బ లేదా తొడ మాంసం, ఎముక తీసినది: 1.5 కిలోలు (దుప్పి, ఎల్క్, అడవి పంది)
- ఉప్పు: 18 గ్రాములు, అంటే సన్న ఉప్పు 3 టీస్పూన్లు
- నూనె లేదా కరిగించిన పంది కొవ్వు: 3 టేబుల్ స్పూన్లు
- పెద్ద ఉల్లిపాయలు 3, క్యారెట్లు 2, వెల్లుల్లి రెబ్బలు 8
- కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు 2 టీస్పూన్లు, బే ఆకులు 2, లవంగాలు 3
- జూనిపర్ కాయలు దొరికితే 6, దొరక్కపోతే మానేయండి
- ఉప్పు వేయని స్టాక్ (ఎముకలు ఉడికించి వడకట్టిన నీళ్లు): అర లీటరు, చేతిలో ఇంకో గ్లాసు
- వెనిగర్: 1 టేబుల్ స్పూన్, చివర్లో వేయడానికి
- మాంసంలో గుచ్చే థర్మామీటర్, పటకారు, మందపాటి చేతొడుగులు

మసాలా మీ ఇష్టం. పద్ధతి మారదు. థర్మామీటర్ మాత్రం మానొద్దు, పందికీ పక్షులకూ మరీనూ.

వెన్నెముకకు రెండు పక్కలా పొడుగ్గా ఉండే లేత కండను ఈ కుండలో వేయకండి. అందులో కరగాల్సిన పీచు లేదు. గంటలు ఉడికిస్తే పొడిపొడిగా అవడమే తప్ప మెత్తబడదు. దాన్ని పెనం మీద త్వరగా కాల్చుకోవాలి. డచ్ ఓవెన్ జబ్బకు, తొడకు, మెడకు, పిక్కకు.

ఎలా చేయాలి

1. కరిగించడం. గడ్డకట్టిన మాంసాన్ని ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల లోపు, ఒక పళ్లెంలో పెట్టి కరగనివ్వండి. కిలోన్నర ముక్కకు ఒక రోజు పడుతుంది. గట్టు మీద వదిలేస్తే లోపల మంచు ఉండగానే పైభాగం చెడటం మొదలవుతుంది. తొందరగా ఉంటే కవర్‌లో గాలి చొరబడకుండా కట్టి చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి.

2. పొర తీయడం. అందరూ త్వరగా తేల్చేసే పని ఇదే, రుచి సగం తేలేదీ ఇక్కడే. మాంసం మీద రెండు రకాల తెలుపు కనిపిస్తుంది. పైన మెరుస్తూ, వెండి రంగులో పలచగా అతుక్కుని ఉండే పొర ఎంత ఉడికినా కరగదు. పైగా వేడికి ముడుచుకుని ముక్కను వంకర చేస్తుంది. సన్నటి కత్తి మొన పొర కిందికి దూర్చి, పదును భాగం పొర వైపు కాస్త తిప్పి, పొరను బిగించి లాగుతూ ఒలవండి. కండల మధ్యలో, లోపల కనిపించే తెల్లటి పీచు మాత్రం వేరు. అది కరిగి పులుసుకు చిక్కదనం ఇచ్చేది. దాన్ని ముట్టుకోకండి. శుభ్రం చేస్తున్నామనుకుని అదీ తీసేస్తే ముక్క ముక్కగా ఉండదు, పులుసు నీళ్లలాగే మిగులుతుంది.

ఇక కొవ్వు. దుప్పి కొవ్వు కనిపించినంత మేరా తీసేయండి. కాస్త చల్లారగానే పళ్లకు, అంగిలికి మైనంలా అంటుకుంటుంది. “అడవి వాసన” అని జనం ఫిర్యాదు చేసేది చాలావరకు దీన్నుంచి వచ్చేదే. పందికీ బాతుకూ అదే సూత్రం కాదు. చిన్న కొవ్వు ముక్క కోసి పెనం మీద వేసి వాసన చూడండి. బాగుంటే ఉంచుకోండి, అంతకంటే మంచి నూనె మీకు దొరకదు. ముదురు మగ పందైతే మూత్రం వాసన, చేపలు తినే బాతైతే నీచు వాసన వస్తాయి. అప్పుడు కొవ్వూ చర్మమూ తీసి పారేయండి.

3. ఉప్పు పట్టించడం. ముక్కల్ని కనీసం 5 సెంటీమీటర్ల మందంగా కోయండి. చిన్నవైతే పీచు కరిగేలోపే విడిపోతాయి. ఉప్పంతా సమంగా పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో 12 నుంచి 24 గంటలు ఉంచండి. పై తడి ఆరిపోతుంది, తర్వాత వేగడానికి అదే కావాలి.

రాత్రంతా ఉప్పునీళ్లలోనో మజ్జిగలోనో నానబెట్టాలా అని చాలామంది అడుగుతారు. నెత్తురు గడ్డలు ఎక్కువగా ఉన్న మాంసానికి ఒక పూట ఉప్పునీళ్లు కొంత పనిచేస్తాయి. శుభ్రంగా కోసి, వెంటనే చల్లబరిచిన మాంసానికి నా మటుకు అది దండగ పని, ఉన్న రుచి కూడా నీళ్లలో కలిసిపోతుంది. ఏది నానబెట్టినా ఫ్రిజ్‌లోనే.

4. ఎర్రగా వేయించడం. కుండను మధ్యస్థమైన మంట మీద నెమ్మదిగా వేడెక్కనివ్వండి, నూనె పోయండి. ముక్కల్ని గుడ్డతో ఒత్తి తుడిచి, ఒకదానికొకటి తగలకుండా నాలుగైదు చొప్పున వేయండి. ఒక్కో వైపు 3, 4 నిమిషాలు కదపకండి. ముక్క అడుగును వదలకపోతే ఇంకా వేగలేదని అర్థం, బలవంతంగా లాగొద్దు. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే కుండ చల్లబడి, నీరు ఊరి, ముక్కలు బూడిదరంగులో ఉడుకుతాయి. చిటపటలు ఆగి బుసబుస వినిపిస్తోందంటే జరుగుతున్నది అదే. వేగినవి తీసి పక్కన పెట్టి, మిగతావి వేయండి.

5. అడుగు గీకడం. ముక్కలు తీసేసి, మంట తగ్గించి, ఉల్లి, క్యారెట్ వేసి ఉల్లి రంగు మారేదాకా వేయించండి. వెల్లుల్లి, మిరియాలు, ఆకులు, లవంగాలు, జూనిపర్ వేసి ఒక నిమిషం తర్వాత గ్లాసుడు వేడి స్టాక్ పోసి చెక్క గరిటెతో అడుగంతా గీకండి. గోధుమరంగులో అంటుకున్నది రుచి. నల్లగా మాడింది మాత్రం చేదు, అలా ఉంటే కుండ కడిగి మళ్లీ మొదలుపెట్టండి, మొహమాటపడకండి. కాలుతున్న ఇనుప కుండలో చన్నీళ్లు మాత్రం పోయకండి, పగిలే ప్రమాదం ఉంది.

6. మాంసం, స్టాక్. ముక్కల్ని, వాటి నుంచి కారిన రసంతో సహా, తిరిగి వేయండి. స్టాక్ ముక్కల ఎత్తులో సగం దాకా రావాలి, మునగకూడదు. మూత కింద పట్టిన ఆవిరి మళ్లీ కిందికే కారుతుంది కాబట్టి పై భాగం ఎండదు. ముంచేస్తే అది మామూలు పులుసే, రుచి పలచబడుతుంది.

7. సెగ. ఇంటి ఓవెన్ అయితే 150 డిగ్రీలకు ముందే వేడిచేసి, మూత పెట్టిన కుండను లోపల పెట్టండి. అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే. స్టవ్ మీదైతే అతి చిన్న మంట. మూత తీసి చూస్తే అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేవాలి. కుతకుత మరుగుతోందంటే మంట ఎక్కువ.

నిప్పుల మీద వండేవాళ్లకు బొగ్గు బిళ్లల లెక్క ఒకటి ఉంది. కుండ వ్యాసం అంగుళాల్లో ఎంతో దానికి రెట్టింపు బిళ్లలు వేస్తే లోపల సుమారు 165 డిగ్రీల వేడి వస్తుంది. 12 అంగుళాల కుండకు 24. రొట్టె కాల్చడానికైతే పైన 15, కింద 9 పెడతారు. మన పనికి అంత వేడి, పైన అంత భారం అక్కర్లేదు. పైన 12, కింద 10తో మొదలుపెట్టి, పావుగంట తర్వాత మూత ఎత్తి బుడగలు చూసి ఒకటి రెండు తీయడమో కలపడమో చేయండి. బిళ్లలు పూర్తిగా నివురు గప్పాకే వాడాలి. కింద వాటిని వలయంగా అంచు వెంట పేర్చండి, నడిమధ్యలో కుప్ప పోస్తే అడుగంటుతుంది. పావుగంటకోసారి కుండను పావు చుట్టు ఒక వైపు, మూతను పావు చుట్టు ఇంకో వైపు తిప్పండి. బిళ్లలు ముప్పావు గంట నుంచి గంట దాకా నిలుస్తాయి, కాబట్టి అరగంట దాటగానే పక్కన కొత్తవి రాజేసి సిద్ధంగా ఉంచుకోండి. దుప్పి జబ్బకు ఇలా మూడు నాలుగు సార్లు మార్చాల్సి వస్తుంది, బొగ్గు సరిపడా తెచ్చుకోండి.

గాలి వీస్తే నిప్పులు త్వరగా మండి ఆరిపోతాయి, ఒక అడ్డు పెట్టండి. తడి నేల వేడిని లాగేస్తుంది, కింద ఇనుప రేకు వేయండి. గుడారంలోగానీ మూసిన గదిలోగానీ బొగ్గు మీద వండకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

కొండల మీద వండుతుంటే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రతి 300 మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ చొప్పున. ఎత్తైన శిబిరంలో ఇంకో గంట పట్టినా కంగారు పడకండి.

8. చూడటం. మొదటి రెండు గంటలూ మూత తీయకండి. స్టవ్ మీదా నిప్పుల మీదా అయితే సెగ చూడటానికి ఎత్తక తప్పదు, ఎత్తినా వెంటనే మూసేయండి. తర్వాత పెద్ద ముక్కను ఎంచుకుని ఫోర్క్ గుచ్చి మెలి తిప్పండి. పోగులు వాటంతట అవే విడిపోతే అయిపోయింది. ఫోర్క్ దిగినా తిప్పుతుంటే ఎదురు తిరుగుతుంటే ఇంకో అరగంట. గడియారం ఎంత చెప్పినా ఈ పరీక్షదే చివరి మాట, ఎందుకంటే ఏడాది దుప్పికీ ఆరేళ్ల దుప్పికీ గంటన్నర తేడా రావచ్చు. థర్మామీటర్‌ను ఎముకకు తగలకుండా మందపాటి చోట గుచ్చితే, మెత్తబడిన ముక్కలో 90 నుంచి 95 డిగ్రీలు కనిపిస్తుంది. 71 దగ్గర తినడానికి భద్రమే, కానీ జబ్బ ముక్క అప్పుడే అత్యంత గట్టిగా ఉంటుంది. మొదట్లో అడిగిన ప్రశ్న పుట్టేది ఇక్కడే.

లోపలి రంగు చూసి తేల్చుకోకండి. సరిగ్గా ఉడికిన అడవి మాంసం కూడా లోపల గులాబీ రంగులో ఉండొచ్చు, ఉడకనిది గోధుమరంగుకు తిరగొచ్చు.

9. ముగించడం. ముక్కల్ని పులుసులోనే ఇరవై నిమిషాలు వదిలేయండి, పిండుకుపోయిన రసం కొంత తిరిగి పీల్చుకుంటాయి. తర్వాత ముక్కలు బయటికి తీసి, పైన తేలిన నూనె గరిటెతో తీసేసి, పులుసు మాత్రం మూత లేకుండా మరిగించి చిక్కబరచండి. వెనిగర్ వేయండి. రుచి చూసి, ఇప్పుడు ఉప్పు సరిచేయండి. ముందే సరిచేస్తే పులుసు ఇగిరాక ఉప్పగా తేలుతుంది.

వేరే జంతువైతే

150 డిగ్రీల దగ్గర దుప్పి, పంది జబ్బలకు 3 నుంచి 4 గంటలు. ఎముకతో ఉన్న పిక్కలకు మూడున్నర నుంచి నాలుగు. చిన్న కుందేలుకు గంటన్నర నుంచి రెండు, ముదురు చెవులపిల్లికి మూడు దాకా. అడవి బాతు, గూస్ కాళ్లకు రెండున్నర నుంచి మూడు.

పక్షుల విషయంలో ఒక్క మాట. ఫెజంట్ లాంటి పక్షిని మొత్తంగా వేస్తే కాలు మెత్తబడేసరికి రొమ్ము కండ ఎండిపోతుంది. రెండూ వేరుచేసి, కాళ్లు గంటన్నర ఉడికాక, విడిగా వేయించిన రొమ్ము ముక్కలు చివరి పావుగంటలో వేసి, లోపల 74 డిగ్రీలు చూపగానే దించండి. కాళ్లలో సూదుల్లాంటి గట్టి నరాలుంటాయి, వడ్డించే ముందు లాగేయండి. కండలో గుండ్లు మిగిలి ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి, పంటి కింద పడితే పన్ను విరుగుతుంది.

తేడా వస్తే

ముక్క గట్టిగా, తడిగా ఉంది: ఇంకా ఉడికించండి. ముక్క విడిపోతోంది కానీ పొడిగా ఉంది: మంట ఎక్కువైంది, లేదా లేత కండ వేశారు. వెనక్కి తేవడం కుదరదు. పోగులుగా చీల్చి చిక్కటి పులుసులో కలిపేయండి, తినేవాళ్లకు తెలియదు.

స్టాక్ ఇగిరిపోతోంది: మూత సరిగ్గా కూర్చోలేదు. కుండకూ మూతకూ మధ్య ఒక పలచటి అల్యూమినియం రేకు బిగించండి, చేతిలో ఉంచుకున్న గ్లాసు స్టాక్ వేడిచేసి పోయండి. అడుగు మాడిన వాసన వస్తే కలపకండి. పైనున్న ముక్కలు, పులుసు మెల్లగా ఇంకో గిన్నెలోకి తీసుకోండి, మాడు అక్కడే మిగలనివ్వండి.

వాసన ఇంకా ఉంది: దాదాపు ఎప్పుడూ తీయకుండా వదిలేసిన కొవ్వే. మసాలా పెంచి దాచాలని చూడకండి. చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పైన గడ్డకట్టిన కొవ్వు పలకను ఎత్తి పారేయండి. ఒక రాత్రి నిలిస్తే కూర రుచి కూడా మెరుగవుతుంది. అయితే కుండలోనే వదిలేయకండి, మందపాటి ఇనుము గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. లోతు తక్కువ గిన్నెల్లోకి తీసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, ప్రతిసారీ తినేంత మాత్రమే తీసి 74 డిగ్రీల దాకా వేడిచేసుకోండి.

ఖాళీ అయిన పూత లేని కుండను వేడినీళ్లతో, గట్టి బ్రష్‌తో కడిగి, వెంటనే స్టవ్ మీద పెట్టి తడి పూర్తిగా ఆరాక, గుడ్డతో పలచగా నూనె రుద్దండి. మూత కాస్త తెరిచి దాచండి, లేకపోతే లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుంది.